రిజిస్టరు నిండిపోతే...

సూరత్ పేరు చెప్పగానే మనవారికి చీరలు, వజ్రాలు స్ఫురిస్తాయి. హజీరా పారిశ్రామిక ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్న మనబోటివారికి వాటితోపాటు సముద్రపు గాలి, గ్యాసు గొట్టాలు, రాత్రి షిఫ్టులు కూడా గుర్తుకు వస్తాయి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలను నమ్ముకొని స్థిరపడిన తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు, నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలు ఉండబట్టి ఇక్కడ తెలుగు మాట వినబడని రోజంటూ ఉండదు. అయినా స్వస్థలం స్వస్థలమే. ఇంట్లో పెద్దవారికి తెలుగు సీరియల్, గృహిణికి కరీంనగర్‌లో ఉన్న అక్కగారితో ముఖాముఖి సంభాషణ, పిల్లలకు హైదరాబాదు ఉద్యోగాల ఇంటర్వ్యూలు... ఇవన్నీ నేడు గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టె మీద ఆధారపడి ఉన్నాయి. ఆ పెట్టె పేరు రౌటర్.

గత వర్షాకాలంలో ఆ పెట్టె మూడు వారాలపాటు మా ఇంటిల్లిపాదినీ ముప్పుతిప్పలు పెట్టింది. వృత్తిరీత్యా నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి చెందినవాడను. కంట్రోల్ రూములో ఏ మీటరు తప్పు చూపుతున్నదో, ఏ వాల్వు మొరాయిస్తున్నదో కనిపెట్టడం నా నిత్యకృత్యం. అటువంటి నేను నా ఇంటిలోని లోపాన్ని కనిపెట్టలేక, నిర్దోషి అయిన మరొకరిని నిందించాను. సహోద్యోగుల ఇండ్లలోనూ ఇటీవల ఇటువంటి ఇబ్బందులు తలెత్తుతున్నట్లు విన్నందువల్ల జరిగినదంతా దాపరికం లేకుండా వ్రాస్తున్నాను.

సాయంత్రం ఏడు దాటితే...

లోపం తీరు విచిత్రంగా ఉండేది. పగలంతా కనెక్షన్ నిక్షేపంగా పనిచేసేది. సాయంత్రం ఏడు గంటలు దాటిన కొద్ది నిమిషాలకే కొత్త పేజీ ఏదీ తెరుచుకునేది కాదు. కంప్యూటర్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. రౌటర్ స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపించేది. అమ్మయ్య అనుకొని కుర్చీలో కూర్చునేలోగా మళ్ళీ అదే తంతు. రాత్రి పదకొండు తరువాత ఎవరూ ముట్టుకోకుండానే దానంతట అదే బాగుపడేది.

వర్షాకాలం గనుక తీగలోకి నీరు చేరి ఉంటుందని మొదట భావించాను. సాయంత్రం వేళ అందరూ సినిమాలు చూస్తారు కనుక కంపెనీవారి దారి ఇరుకైపోతున్నదని మా పక్క క్వార్టర్ మిత్రులు అభిప్రాయపడ్డారు. రెండూ నమ్మదగిన కారణాలే. రెండూ నిజం కాదని తరువాత తేలింది.

ఇంతలో మా అమ్మాయికి ఒక సంస్థ నుండి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అమెరికాలో ఉన్న అధికారి ఒకరు పాల్గొనవలసి ఉండుటచేత సాయంత్రం ఏడున్నరకు సమయం నిర్ణయించారు. ఆ అమ్మాయి నాలుగు నెలలుగా దానికోసమే చదువుతున్నది. ఏడు గంటల ఇరవై అయిదు నిమిషాలకు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంటర్వ్యూ గది తెరుచుకోలేదు. రౌటర్ ఆపి వేశాము. తెరుచుకున్నట్లే తెరుచుకొని, పేరు నమోదు చేసేలోగా నిలిచిపోయింది. చివరకు నా సెల్‌ఫోన్ పట్టుకొని వరండాలోకి పోయి, సిగ్నల్ దొరికిన మూలన నిలబడి, పన్నెండు నిమిషాల ఆలస్యంగా కలిసింది. వానచప్పుడులో సగం ప్రశ్నలు వినబడలేదు. అవతలివారు మర్యాదగానే ముగించారు. అమ్మాయి ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ సమయమంతా హాలులో మా అమ్మగారు టీవీలో తన సీరియల్ చూస్తూనే ఉన్నారు. ఆ సీరియల్ కూడా ఇంటర్నెట్ మీదనే వస్తుంది. అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. లోపం ఎక్కడున్నదో చెప్పగల ఏకైక సాక్ష్యం అదే. నేను దానిని గమనించలేదు.

మరునాడు కంపెనీవారు పంపిన లైన్ కుర్రవాడు వచ్చాడు. అది మూడవసారి రావడం. పాతికేళ్ళు మించని గుజరాతీ యువకుడు. కాంతిని కొలిచే మీటరు తీసి ఫైబర్ తీగను పరీక్షించి, "లాయిన్ బరాబర్ ఛే, సాహెబ్" అన్నాడు. లైన్ సరిగానే ఉన్నదని అర్థం. మీటరు మైనస్ 21 చూపుతున్నది. మన ఇండ్లకు వచ్చే ఫైబర్‌లో సుమారు మైనస్ 27 డి.బి.ఎం. వరకు కాంతి తగ్గినా పని సాగుతుంది. మీటరు భాష తెలిసినవాడనై ఉండి కూడా, కోపంలో నేను ఆ అంకెను లక్ష్యపెట్టలేదు. నీ లైన్ మూలంగానే నా కూతురి ఉద్యోగం పోయిందన్నాను. మరికొన్ని మాటలు కూడా అన్నాను. అవి ఇక్కడ వ్రాయదగినవి కావు.

అతడు బదులు చెప్పలేదు. కొంచెంసేపు ఆగి హిందీలో ఒక ప్రశ్న మాత్రం వేశాడు. నెట్ పోయినప్పుడు ఇంట్లో ఏదైనా ఒకటి నడుస్తూనే ఉంటుందా? నేను లేదనబోతుండగా, ఆ ప్రశ్నను నా శ్రీమతి తెలుగులో చెప్పగా విన్న మా అమ్మగారు, "నా సీరియల్‌కు ఏనాడూ ఏమీ కాలేదు నాయనా" అన్నారు. ఆ మాట వినగానే అతడి ముఖం వికసించింది. "మాతాజీ చెప్పింది కదా! ఇక దొరికింది" అన్నాడు.

గేటు దగ్గరి పుస్తకం

అతడు ఏమి గ్రహించాడో వివరించడానికి మన టౌన్‌షిప్ గేటును మించిన ఉపమానం నాకు తోచడంలేదు. గేటు దగ్గర సెక్యూరిటీవారి వద్ద ఒక రిజిస్టరు ఉంటుందని అనుకోండి. ఏ క్వార్టర్ నుండి ఎవరు ఏ పనిమీద ఎక్కడికి వెళ్ళారో అందులో వ్రాసుకుంటారు. బయటి నుండి జవాబు తెచ్చినవానిని ఆ పుస్తకం చూసే ఏ క్వార్టర్‌కు పంపాలో నిర్ణయిస్తారు. పుస్తకంలో పేరు లేనివానికి లోనికి ప్రవేశం లేదు.

రౌటర్ చేసే పని అక్షరాలా ఇదే. ఇంటర్నెట్ చిరునామాలు మొదట రూపొందించిన పద్ధతిలో మొత్తం 429 కోట్లకు మించి లేవు. ప్రపంచ జనాభాకు ఒక్కొక్కటి చొప్పున కూడా చాలవు. ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి కేటాయించిన నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. ఈ కొరతను ముందే ఊహించినవారు 1994లో ఒక ఉపాయం ప్రతిపాదించారు. ఇల్లంతటికీ బయట ఒకే చిరునామా. లోపల మాత్రం టీవీకి, ఫోన్లకు, కంప్యూటర్లకు 192.168తో మొదలయ్యే సొంత అంకెలు. ఎవరి ఉత్తరం ఎవరిదో గుర్తుంచుకునే బాధ్యత గుమ్మంలోని రౌటర్‌ది. అందుకు అది తన జ్ఞాపకంలో ఒక పట్టిక నడుపుతుంది. ప్రతి కొత్త సంభాషణకు ఒక వరుస.

ఆ పట్టికకు హద్దు ఉంటుంది. ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. అట్టపెట్టె మీద సెకనుకు ఎన్ని మెగాబిట్లో పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారే గాని, రిజిస్టరులో ఎన్ని పేజీలున్నాయో వ్రాయరు. మా ఇంటి రౌటర్‌కు 4,096 వరుసలు. మామూలు కుటుంబానికి అది ఎక్కువే. నలుగురు మనుషులు, ఒక టీవీ, నాలుగు ఫోన్లు కలిసి కొన్ని వందలు దాటడం కష్టం.

రిజిస్టరు నిండిపోతే ఏమవుతుంది? అప్పటికే పేరు వ్రాయించుకొని బయటకు వెళ్ళినవారి రాకపోకలు నిరాటంకంగా సాగుతాయి. కొత్తగా బయలుదేరినవానిని మాత్రం గేటు దగ్గరే ఆపివేస్తారు. కారణం కూడా చెప్పరు. అమ్మగారి సీరియల్ ఏడు గంటలకు ముందే మొదలైంది. దాని పేరు పుస్తకంలో ఉంది. మా అమ్మాయి ఇంటర్వ్యూ ఏడున్నరకు బయలుదేరింది. దానికి వరుస దొరకలేదు. తీగ తెగినా, కంపెనీ దారి ఇరుకైనా రెండూ దెబ్బతినవలసి ఉండేవి. ఒకటి నడుస్తూ మరొకటి ఆగిందంటే తప్పు గేటు దగ్గర ఉన్నట్లు. ఆ యువకుడు అడిగిన ఒక్క ప్రశ్నలో ఇంత ఉన్నది.

అయితే పుస్తకం నింపుతున్నది ఎవరు? అతడు అన్ని ఫోన్ల వైఫై ఆపించి, ఒక్క కంప్యూటర్‌ను తీగతో రౌటర్‌కు కలిపాడు. సవ్యంగా ఉంది. ఒక్కొక్క పరికరాన్ని తిరిగి చేర్చుకుంటూ రమ్మన్నాడు. మా ఫ్యాక్టరీలో ఎర్త్ లీకేజి వెదికేటప్పుడు ఒక్కొక్క ఫీడరును వేసుకుంటూ పోయే పద్ధతి ఇదే గదా అని నాలో నేనే సిగ్గుపడ్డాను. చివరగా మా అబ్బాయి కంప్యూటర్ వంతు వచ్చింది. దానిని కలిపి అతడు తన పని మొదలుపెట్టిన రెండు నిమిషాలలోపే అంతా ఆగిపోయింది.

మా అబ్బాయి చేసినదేమిటి?

మా అబ్బాయి చదువు ముగించి, రింగ్ రోడ్డు చీరల మార్కెట్‌లోని ఒక వర్తకునికి కంప్యూటర్ పనులు చేసిపెడుతున్నాడు. సూరత్ సింథటిక్ చీర ఈనాడు ఇంటర్నెట్ అంగళ్ళలో దేశమంతటా అమ్ముడుపోతున్నది. ఎవరు ఏ రకం ఏ ధరకు పెట్టారో ప్రతి సాయంత్రం తెలిస్తే తమ ధర నిర్ణయించుకోవచ్చునని ఆ వర్తకుని కోరిక. మనిషి కూర్చొని వేల పేజీలు చూడలేడు గనుక మావాడు ఒక ప్రోగ్రాము వ్రాశాడు. అది తెర లేని బ్రౌజరును నడుపుతూ, పేజీ వెనుక పేజీ తెరచి, ధరలు ఎత్తి వ్రాసుకొంటుంది. ఏడు గంటలకు దానంతట అదే మొదలై, జాబితా ముగిసేవరకు నడుస్తుంది. నాలుగు గంటలపాటు.

"నాన్నా, అది డౌన్‌లోడ్ చేసేది చాలా తక్కువ. మన వేగంలో పదోవంతు కూడా వాడదు" అన్నాడు వాడు. నిజమే. వేగం కొలిచే పరీక్షలో అది కనిపించకపోవడానికి కారణం అదే. ఇక్కడ ప్రశ్న ఎంత సరకు మోశాడన్నది కాదు, గేటు ఎన్నిసార్లు దాటాడన్నది.

లెక్క చూడండి. ఆ ప్రోగ్రాము సెకనుకు సుమారు 40 కొత్త సంభాషణలు ప్రారంభిస్తున్నది. ఒక్క పేజీ తెరిస్తే బొమ్మలు, ప్రకటనలు, లెక్కలు వ్రాసుకునే చిల్లర పరికరాలు కలిసి పదుల సంఖ్యలో కనెక్షన్లు పుట్టుకువస్తాయి గనుక అది పెద్ద సంఖ్య కాదు. సంభాషణ ముగిసిన వెంటనే రౌటర్ ఆ వరుసను కొట్టివేయదు. దారి తప్పి ఆలస్యంగా వచ్చే ముక్కలేమైనా ఉంటాయేమోనని కొంతసేపు ఉంచుతుంది. ఎక్కువ రౌటర్లు లినక్స్ ఆధారంగా పనిచేస్తాయి. అందులో సహజంగా ఉండే గడువు 120 సెకనులు. 40ని 120తో గుణిస్తే 4,800. మన పుస్తకం 4,096. అనగా నూట రెండు సెకనులకు పుస్తకం నిండుతుంది. రౌటర్ ఆపి వేస్తే పాత పుస్తకం చింపి కొత్తది ఇచ్చినట్లు. మళ్ళీ నూట రెండు సెకనులు. మేము మూడు వారాలు అనుభవించిన రెండు నిమిషాల స్వర్గం ఇదే!

అంతటితో ఆగలేదు. పేజీ రాకపోతే వెంటనే మళ్ళీ అడగమని మావాడు ప్రోగ్రాముకు చెప్పి ఉన్నాడు. పుస్తకం నిండినందున పేజీ రాదు. రానందున ఇంకా ఎక్కువగా అడుగుతుంది. కంట్రోల్ రూములో పనిచేసినవారికి ఇది సుపరిచితమే. ఒక పంపు ట్రిప్ అయితే దాని వెంట వందల అలారాలు మోగి, అసలు అలారం ఏదో కనబడకుండా చేస్తాయి.

ప్రోగ్రామును అర్ధాంతరంగా చంపివేసినా చిక్కే. వీడ్కోలు చెప్పకుండా ఆగిపోయిన సంభాషణను రౌటర్ ఇంకా బ్రతికే ఉన్నదని భావిస్తుంది. అటువంటి వరుసను కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలని 2008 నాటి ఇంటర్నెట్ ప్రమాణం చెబుతున్నది. లినక్స్‌లో సహజ గడువు ఏకంగా 5 రోజులు.

యంత్రానికి మర్యాద నేర్పడం

ఈ జబ్బు మా ఇంటితో మొదలైనది కాదు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, 400 గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి నడుమ సమాచార వేగం సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. తీగ చెడిపోలేదు. జవాబు రాని ప్రతి యంత్రమూ ఆత్రంగా మళ్ళీ మళ్ళీ పంపినందువల్ల దారి పూడుకుపోయింది. వాన్ జేకబ్సన్, మైఖేల్ కేరల్స్ అనే పరిశోధకులు దీనికి మందు కనిపెట్టి 1988లో ప్రకటించారు. మెల్లగా మొదలుపెట్టు, అవతల దారి ఉన్నదని తెలిసిన కొద్దీ పెంచు, విఫలమైతే ప్రతిసారీ మునుపటి కంటే ఎక్కువసేపు ఆగు. నేటికీ ఇంటర్నెట్ నిలబడి ఉన్నదంటే ఆ నియమాల చలువ.

నియమం మరచిన ఫలితం 2003లో మరొకసారి కనిపించింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లకు సరియైన సమయం చెప్పే సర్వరు ఒకటి ఉండేది. నెట్‌గేర్ సంస్థ తయారుచేసిన ఇంటి రౌటర్లలో ఆ సర్వరు చిరునామాను శాశ్వతంగా వ్రాసిపెట్టారు. జవాబు రాకపోతే ప్రతి సెకనూ అడగమన్నారు. లక్షల ఇండ్లలోని పెట్టెలు ఏకకాలంలో టైమెంతైందని అడగడం మొదలుపెట్టేసరికి విశ్వవిద్యాలయంవారు తమపై ఎవరో దాడి చేస్తున్నారనుకున్నారు. ఒక్కొక్క పెట్టె అడిగినది ఎంత చిన్న ప్రశ్న!

మా అబ్బాయి తన ప్రోగ్రామును దిద్దిన తీరు కూడా ఇదే బాటలో ఉంది. అన్నిటికంటె ఎక్కువ ఫలితమిచ్చిన మార్పు చాలా సులువైనది. ఒకే అంగడికి వంద పేజీల కోసం వందసార్లు కొత్త కనెక్షన్ తెరవనక్కరలేదు. ఒకసారి తెరచిన కనెక్షన్ మీదనే వరుసగా అడగవచ్చును. 1997 నుండే ఈ సౌకర్యం ప్రమాణంలో ఉన్నది. వందమంది వంద ఆటోలలో పోకుండా మన ఫ్యాక్టరీ బస్సు ఎక్కినట్లు. అవసరం లేని బొమ్మలు, ప్రకటనలు తెరవవద్దని బ్రౌజరుకు చెప్పాడు. ఏకకాలంలో నాలుగు పేజీలకు మించకూడదని కట్టడి పెట్టాడు. విఫలమైతే 2 సెకనులు, తరువాత 4, 8, 16... ఆ తరువాత ఆ పేజీని విడిచిపెట్టడం. అవతలి సర్వరు 429 అనే సంఖ్యతో బదులిస్తే చాలా ఎక్కువ అడుగుతున్నావని అర్థం. అది 2012లో ఏర్పరచిన సంకేతం. ఎంతసేపు ఆగాలో కూడా తరచు అందులోనే చెబుతారు. మావాడి పాత ప్రోగ్రాము ఆ సంకేతాన్ని కూడా సాధారణ వైఫల్యంగా భావించి రెట్టించి అడిగేది.

ఇంకొక సంగతి కూడా వాడికి చెప్పవలసి వచ్చింది. ఏ భాగాలలోకి యంత్రాలు రాకూడదో తెలిపే చిన్న ఫైలును చాలా వెబ్‌సైట్లు తమ గుమ్మంలో ఉంచుతాయి. మార్టిన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించిన ఈ ఆచారం 2022లో అధికారిక ప్రమాణమైంది. దానిని చదివిన తరువాత మావాడు రెండు అంగళ్ళను జాబితా నుండి తీసివేశాడు. వర్తకుడు కొంచెం గొణిగాడట. ప్రోగ్రాము వేళను రాత్రి ఒంటిగంటకు మార్చాడు. ధరలు తెల్లవారి దుకాణం తెరిచేసరికి అందితే చాలునని అప్పుడు గాని ఆ వర్తకుడు చెప్పలేదు.

మీ ఇంట ఇటువంటిది జరిగితే

మీ పిల్లలు ప్రోగ్రాములు వ్రాయకపోవచ్చు. అయినా తమంతట తాము పనిచేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ప్రతి ఇంటా ఉన్నాయి. ఫోటోలను దూరాన దాచిపెట్టేవి, సినిమా ఫైళ్ళను వందలమంది నుండి ముక్కలు ముక్కలుగా తెచ్చేవి, మన బదులు తామే బ్రౌజరు నడిపే కృత్రిమ మేధ సహాయకులు. ఇవన్నీ మనం నిద్రపోతున్నా నిద్రపోవు.

ఫిర్యాదు చేసేముందు పెట్టె మీది దీపాలు చూడండి. ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా వెలిగితే కాంతి రావడంలేదు. అది కంపెనీవారి పనే, వెంటనే ఫోన్ చేయండి. పి.ఓ.ఎన్. దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉంటే కాంతి వస్తున్నది. తరువాత కంప్యూటర్ ఆదేశాల కిటికీలో 'పింగ్' అని, పక్కన రౌటర్ చిరునామా టైపు చేయండి. సాధారణంగా అది 192.168.1.1. జవాబు రాకపోతే లోపం మీ కంప్యూటర్‌కు, రౌటర్‌కు మధ్య ఉంది, అనగా వైఫై లేదా తీగ. జవాబు వచ్చి, బయటి చిరునామాకు మాత్రం రాకపోతే, ఆ క్షణాన ఇంట్లో అప్పటికే మొదలైన వీడియో ఏదైనా నడుస్తున్నదా అని చూడండి. నడుస్తుంటే రిజిస్టరును అనుమానించండి. 'నెట్‌స్టాట్' అనే ఆదేశం ఆ కంప్యూటర్ ఎన్ని సంభాషణలు తెరచి ఉన్నదో బారుగా చూపుతుంది. వరుసలు తెర దాటి పారుతూనే ఉంటే దొంగ దొరికినట్లే. కొన్ని రౌటర్ల సెట్టింగులలో సెషన్ల సంఖ్య చూపే పేజీ ఉంటుంది. ఒక్కొక్క పరికరానికి ఇన్నే అని హద్దు పెట్టే వీలు కూడా కొన్నింటిలో ఉంటుంది.

దీనికి దగ్గరి చుట్టమైన జబ్బు ఒకటున్నది. పేజీలు తెరుచుకుంటాయి గాని అన్నీ ఈడ్చుకుంటూ వస్తాయి, ఫోన్ సంభాషణలో మాట ఆలస్యంగా వినబడుతుంది. ఏదో సాఫ్ట్‌వేర్ ఫోటోలను పైకి పంపుతూ రౌటర్ ముంగిట పెద్ద క్యూ పెంచినప్పుడు ఇలా జరుగుతుంది. పైకి పంపే వేగం సెకనుకు 10 మెగాబిట్లు ఉండి, క్యూలో 10 లక్షల బైట్లు పేరుకుంటే వెనుక వచ్చే ప్రతి ముక్కా 0.8 సెకను ఆగాలి. సంభాషణ సహజంగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 0.15 సెకను మించరాదని అంతర్జాతీయ టెలికం ప్రమాణం. రౌటర్లలో క్యూ స్థలాన్ని పెంచితే మేలనుకున్న తయారీదారులు నిజానికి జాప్యాన్నే పెంచారు. జలాశయం ముందే నిండి ఉంటే వరద వచ్చినప్పుడు పట్టుకునే చోటుండదని ఉకాయి ఆనకట్ట దిగువన 2006 ఆగస్టులో మునిగిన సూరత్ వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. క్యూను ఎప్పుడూ పొట్టిగా ఉంచే పద్ధతిని కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ప్రతిపాదించారు. 1986 నాటి జేకబ్సన్‌గారే! మీ రౌటర్ సెట్టింగులలో స్మార్ట్ క్యూ వంటి పేరుతో అది ఉంటే వాడుకోండి. లేకుంటే పైకి పంపే సాఫ్ట్‌వేర్‌కు వేగపు హద్దు పెట్టినా చాలు.

ఇంట్లో అన్నీ కట్టివేసినా సెషన్ల సంఖ్య తగ్గకపోతే పిలవని అతిథి ఎవరో ఉన్నట్లు. 2016లో మిరాయి అనే హానికర ప్రోగ్రాము ఇండ్లలోని కెమెరాలు, రికార్డర్లలోకి దూరి, అక్టోబరు 21న వాటిచేతనే డైన్ అనే సంస్థపై దాడి చేయించి అమెరికాలో పేరొందిన వెబ్‌సైట్లను గంటల తరబడి అందకుండా చేసింది. అది దూరిన మార్గం, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును యజమాని మార్చకపోవడమే. పోర్టికోలో కెమెరా పెట్టించుకున్న మిత్రులు ఈ ఆదివారమే ఆ పని చేయడం మంచిది.

మరి రౌటర్‌కు వచ్చిన బయటి చిరునామా 100.64 నుండి 100.127 వరకు గల అంకెలతో మొదలైతే మీ కంపెనీవారి దగ్గర కూడా ఒక రిజిస్టరు ఉన్నట్లు. అనేకమంది వినియోగదారులకు కలిపి ఒకే చిరునామా పంచుతారు. ఒక్కొక్కరికి వరుసలు పరిమితం. అక్కడ నిండితే మీ రౌటర్ మార్చినా ప్రయోజనం లేదు. కొత్త తరం చిరునామా పద్ధతి అయిన ఐ.పి.వి. 6ను రౌటర్‌లో పనిచేయించమని అడగండి. అందులో చిరునామాలకు కొరత లేదు కనుక కంపెనీ దగ్గరి ఆ పుస్తకంతో పని లేదు.

మా ఇంటి సంగతి కొంచెం మిగిలి ఉంది. ఆ సంస్థ నుండి మా అమ్మాయికి మళ్ళీ పిలుపు రాలేదు. కారణం ఆ పన్నెండు నిమిషాలో, మరేదైనానో ఎవరూ చెప్పలేదు. మా అబ్బాయి వారం రోజులు చెల్లెలి ముఖం చూడలేకపోయాడు. రెండు నెలల తరువాత ఆమెకు మరొకచోట ఇంటర్వ్యూ జరిగింది. అదీ సాయంత్రమే. ఆరోజు వాడు తన కంప్యూటర్ తీగ ఊడబెరికి చేతిలో పట్టుకొని వరండాలో కూర్చున్నాడు. అవసరం లేదని చెప్పినా వినలేదు. అమ్మాయి ఇప్పుడు ఆ ఉద్యోగంలోనే ఉన్నది.

లైన్ కుర్రవాని ఫోన్ నంబరు ఫిర్యాదు చీటీ మీద ఉంటే పిలిచి, నేనన్న మాటలకు క్షమాపణ చెప్పాను. "అందరూ అంటారు సాహెబ్" అన్నాడు. మా శ్రీమతి పెట్టిన ఉప్మా తిని, టీ త్రాగి, మా అమ్మగారికి నమస్కరించి వెళ్ళాడు. వెళ్ళేముందు రౌటర్‌లో సెషన్ల పేజీ ఎక్కడుందో నాకు చూపించాడు. ఇది వ్రాస్తున్న సాయంత్రం ఏడుంబావుకు ఆ పేజీ తెరచి చూశాను. అమ్మగారి సీరియల్‌తో కలిపి 287.